నీళ్ళతో సహా తూకం

ఫిబ్రవరి 9

ఒరేయ్ చిన్నోడా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను ఊ కొడుతూ ఉన్నానే, అందులో సగం నాకు వినపడనే లేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది కూడా దాని దారే పట్టింది. ఇన్నేళ్ళు కుట్టుమిషన్ ముందు కూర్చున్నందుకు బహుమానం. ఇకమీదట నాతో మాట్లాడాలంటే ఉత్తరం రాయి. కోర్టులో పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ గొడవలన్నీ టైపు కొడతావు, అక్కకు నాలుగు ముక్కలు రాయలేవా?

నేను బాగానే ఉన్నాను. మీ బావ పోయాక మొదట్లో ఇల్లు మీద పడి కరిచేట్టు ఉండేది. ఇప్పుడు వచ్చే ఏటి బడి యూనిఫారాలు ముందుగానే ఒప్పుకున్నాను కాబట్టి ఏడవడానికి కూడా తీరిక లేదు. ఎటు చూసినా కాలర్లు, జేబులే. ఆయన మంచం తీయించి ఆ చోట కత్తిరింపు బల్ల వేయించాను. నిన్న గుండీల కోసం అలమరా సర్దుతుంటే ఆయన నొప్పి మందు సీసాలు బయటపడ్డాయి. ఆఖరి రోజుల్లో ఆసుపత్రివాళ్ళు ఇచ్చినవి. ఒకటి సగమైంది, రెండు మూత కూడా తీయలేదు. వాటిని చూసి ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఎదురు వాటాలో రొట్టెలావిడ నీకు తెలుసు. బేకరీలో పని చేస్తుందే, ఆవిడ. బావకు బాగాలేనప్పుడు నీకు కబురు తెలుస్తూ ఉండాలని ఆవిడ ఫోన్ నంబరే కదా నీకిచ్చాను. ఆవిడ తల్లికి వెన్నెముకలో కేన్సర్. ఈ మందు రాసిచ్చే డాక్టరు ఒక్కడేనట, ఆయన సెలవులో ఉన్నాడట, మిగతావాళ్ళు రాయరట. పెద్దావిడ మూలుగు చెవిటిదాన్ని నాకే వినపడుతోందంటే ఎంత బాధో చూసుకో. చూడలేక సగం సీసా తీసుకెళ్ళి ఇచ్చాను. మీ బావకు పోసినట్టే చెంచా కొలత చూపించాను. పెద్దావిడ ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపోయింది. రొట్టెలావిడ నా రెండు చేతులూ పట్టుకుని వదిలితే ఒట్టు.

పోయినవాడి మందు బతికున్నవాళ్ళకు పనికొచ్చిందని నాకెంత తృప్తిగా ఉందో. ఇది నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

మరదలి మోకాలు ఎలా ఉంది? ఆవిడను మెట్లు ఎక్కనివ్వకు.

నీ అక్క


ఫిబ్రవరి 14

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. రెండో పేజీకి వచ్చేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క సీటు గుమాస్తా "ఏంటి గురూ, అలా అయిపోయావు?" అంటే అజీర్తి అని చెప్పాను.

ముందు ఇది చెప్పు. ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?

బావకు ఇచ్చింది మార్ఫిన్ కలిసిన మందు. అది నియంత్రిత మందుల చట్టం కిందకు వస్తుంది. బావ పేరున చీటీ ఉన్నన్నాళ్ళు అది వైద్యం. ఆయన పోయాక అది నీ అలమరాలో ఉన్న దొంగసరుకు. నేను వారంవారం టైపు చేసేవి ఇలాంటి కేసులే కాబట్టి నా మాట నమ్ము. స్వాధీనం అంటే చేత్తో పట్టుకుని తిరగడం కాదు. అక్కడ ఉందని నీకు తెలిసి, ఆ చోటు నీదైతే చాలు. సరఫరా అంటే డబ్బు పుచ్చుకోవడం కాదు. ఊరికే ఇచ్చినా సరఫరాయే. చుట్టానికిచ్చినా, పక్కింటికిచ్చినా, జాలిపడి ఇచ్చినా సరఫరాయే. నిర్వచనాల పేజీ నాకు కంఠతా వచ్చు, అందులో జాలి అన్న మాట ఎక్కడా లేదు.

ఇంకో సంగతి. అది దగ్గుమందు కాదు. బావ ఒంటికి అలవాటైంది కాబట్టి తట్టుకున్నాడు. అలవాటు లేని ముసలి ప్రాణానికి ఒక్క చెంచా ఎక్కువైతే నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది. అలా ఆగిపోయిన కేసు ఒకటి ఈమధ్యే టైపు చేశాను. మందు ఇచ్చినవాడు ఆవిడ సొంత అల్లుడు. ఇంకా లోపలే ఉన్నాడు.

మిగిలిన సీసాలు వెంటనే ఆసుపత్రిలో ఇచ్చేసి రసీదు తీసుకో. ఆవిడకిచ్చిన సీసా వెనక్కి తెచ్చుకో. కొన్నాళ్ళు ఆ ఇంటివైపు వెళ్ళకు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

కసురుకుంటున్నానని అనుకోకు. నాకు భయంగా ఉంది.

తమ్ముడు


ఫిబ్రవరి 20

చిన్నోడా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు సూదిలో దారం ఎక్కించలేకపోయాను. నువ్వు పుట్టినప్పటినుంచీ పిరికివాడివే, బల్లి పడితే నా వెనక దాక్కునేవాడివి. ఇప్పుడు నన్నూ నీలాగే చేశావు.

నువ్వు చెప్పినట్టే సీసాలు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. బస్సులో ఒక పోలీసాయన ఎక్కి సరిగ్గా నా పక్కనే కూర్చున్నాడు. దిగేదాకా దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఆయన పాపం సీటుకు తల ఆన్చి గురక పెట్టాడు. ఆసుపత్రిలో మందుల కిటికీ దగ్గర పిల్ల ఒకతె, "రాసిన డాక్టరుగారి సంతకం లేకుండా మేం ముట్టుకోమండీ" అంది. "ఆయనెప్పుడొస్తారమ్మా?" అంటే "వచ్చినప్పుడు వస్తారు" అంది. ఆ సంచి మళ్ళీ మోసుకుని ఇంటికొచ్చాను.

దారిలో నువ్వు రాసిన ఊపిరి మాటే తలలో తిరుగుతోంది. రొట్టెలావిడ పొద్దున్నే పనికి పోతుంది, పెద్దావిడ చెయ్యి వణుకుతుంది, ఒక చెంచా రెండవడం ఎంతసేపు? సీసా తిరిగిచ్చెయ్యమని అడగడానికే వెళ్ళాను. పెద్దావిడ నన్ను చూసి, "అమ్మా, ఈమధ్య నాకు కలలు కూడా వస్తున్నాయి" అంది. ఏ నోటితో అడగను?

అందుకని ఒక ఉపాయం చేశాను. నువ్వు సంతోషిస్తావు. వాళ్ళ దగ్గర మిగిలిందీ నా దగ్గరున్న సీసాలూ అంతా గిన్నెలో పోసి, కాచి చల్లార్చిన నీళ్ళు బాగా కలిపాను. చేదు తెలియకుండా కాస్త చక్కెర కూడా వేశాను. పళ్ళరసం సీసాలు పెద్దవి రెండు కడిగి ఉంటే వాటిల్లో నింపాను. ఒకటి ఆవిడకిచ్చాను, ఒకటి నా దగ్గరుంది. ఇప్పుడది పలచటి నీళ్ళు. చెంచా ఎక్కువైనా ఏమీ కాదు. ఆ పాత సీసాలు, బావ పేరున్న చీటీలు, అన్నీ చెత్తలో పారేశాను. నీ చట్టానికి ఇక కనపడేదేముంది?

ప్రశాంతంగా పడుకో.

అక్క


ఫిబ్రవరి 25

అక్కా, అక్కా,

ఏం చేశావు? నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? ఇది కొరివితో తల గోక్కోవడం.

నిదానంగా చదువు. చట్టం మందును నీళ్ళలోంచి విడదీసి తూచదు. ఉన్న మిశ్రమాన్ని మొత్తంగా తూస్తుంది. చిటికెడు మందును బక్కెట్టు నీళ్ళలో కలిపితే బక్కెట్టంతా మందే అని లెక్క. తూకాన్ని బట్టే శిక్ష. తక్కువ తూకం, మధ్య తూకం, వ్యాపార తూకం అని మూడు మెట్లు ఉంటాయి. బావ సీసాలు అలాగే ఉంటే మొదటి మెట్టు మీద ఉండేదానివి. జడ్జిగారు నీ వయసు చూసి మందలించి పంపేవారు. నువ్వు పోసిన నీళ్ళన్నీ ఇప్పుడు నీ మెడకు కట్టినట్టే. కలపడం, ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి మార్చడం, ఇవి కూడా ఆ చట్టంలో తయారీ కిందకే వస్తాయి. తయారీ అంటే నువ్వు వంటగదిలో చేసింది అక్కా. ఎక్కడో కొండల్లో ఫ్యాక్టరీ కాదు. పైగా చీటీలు పారేశావు! అది బావ మందు అని చూపించడానికి మిగిలిన ఆధారం అదొక్కటే.

నీ దగ్గరున్న సీసా ఈ ఉత్తరం చదవగానే మోరీలో పోసెయ్. ఆవిడ దగ్గరున్నదీ తెచ్చి పోసెయ్. ఇలా రాసినందుకు నన్ను కూడా పట్టుకోవచ్చు. నీ మరదలు అదే అంటోంది. "మీ అక్కయ్య మంచితనానికి మీ ఉద్యోగం పోతుంది" అని రెండు రోజులుగా అన్నం దగ్గర నస. తనను తప్పు పట్టలేను.

ఆ రొట్టెలావిడ నీకు ఏమవుతుంది? నీ రక్తమా? ఆవిడ కోసం నువ్వు ఇంత ప్రమాదం నెత్తికెత్తుకోవడం ఏమిటి?

తమ్ముడు


మార్చి 3

తమ్ముడికి,

నీ ఉత్తరమూ పోలీసులూ ఒకే రోజు వచ్చారు. ఉత్తరం తలుపు కింద పడి ఉంది, దాని మీద నుంచే నడిచి లోపలికొచ్చారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, వాళ్ళు వెళ్ళాక చదివాను.

జరిగింది చెబుతాను. నేను పలచన చేసిన మందు పెద్దావిడ నొప్పికి ఆనలేదు. రొట్టెలావిడ ఒక చెంచాకు నాలుగు, నాలుగుకు ఇంకో నాలుగు పోస్తూ పోయింది. పెద్దావిడ పిలిస్తే పలకలేదు. ఆంబులెన్సులో తీసుకెళ్ళారు. అక్కడ "ఏం ఇచ్చారు?" అని అడిగితే రొట్టెలావిడ దాపరికం తెలియనిది, సీసా చూపించి నా పేరు చెప్పింది. పెద్దావిడ బతికింది. డాక్టరు ఏమన్నాడో తెలుసా? "నీళ్ళు కలిపి ఉండబట్టి సరిపోయింది. చిక్కటిది అన్ని చెంచాలు పోసుంటే ఇంటి దగ్గరే పోయేది" అన్నాడు. ఆ మాట నేను విన్నాను, నా కుడి చెవిలో గట్టిగా చెప్పించుకున్నాను.

నన్ను విచారించింది ఒక ఇన్‌స్పెక్టరమ్మ. నాకంటే చిన్నది, మర్యాదస్తురాలే. నాకు వినపడదని నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇందులో నీళ్ళు ఎవరు కలిపారు?"

"నేనేనండీ."

"ఎందుకు కలిపారు?"

"ఘాటు తగ్గుతుందని."

"దీనికి ఆవిడ మీకేమిచ్చింది?"

"అయ్యో, ఏమీ ఇవ్వలేదండీ."

"ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదా?"

"రొట్టెలిస్తుందండీ. బేకరీలో మిగిలినవి."

"ఆ వారం కూడా ఇచ్చిందా?"

"ఎప్పుడూ ఇస్తుందండీ."

రొట్టె అని రాసుకుంది. ఎందుకు రాసుకుంది చిన్నోడా? రొట్టెలో ఏముంది?

బల్ల కింద ఉన్న రెండో సీసా పట్టుకెళ్ళారు. పిల్లల చొక్కాలన్నీ నేల మీద పోసి వెతికారు. ఊరు వదలకూడదన్నారు, రోజు విడిచి రోజు వచ్చి సంతకం పెట్టమన్నారు. మెట్ల మీద జనం నన్ను చూసి గోడకు ఒదుగుతున్నారు. ఎవరైనా తలుపు తడితే నాకు వినపడదు కదా, అందుకని తలుపుకేసే చూస్తూ కూర్చుంటున్నాను. కుట్టు సాగడం లేదు.

ఆవిడ నాకు ఏమవుతుందని అడిగావు. మీ బావ ఒళ్ళు పుళ్ళు పడినప్పుడు ఆయన్ను పక్కకు తిప్పడానికి రెండో మనిషి కావాలి. ఆ రెండో మనిషి ఆవిడ. నువ్వు పదో రోజున వచ్చి వెళ్ళావు. దెప్పడం లేదు, అడిగావు కాబట్టి చెప్పాను.

అక్క


మార్చి 8

అక్కా,

ఇంతకు మించి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకు. ఆ ఊళ్ళో నాకు తెలిసిన ప్లీడరు ఉన్నాడు, రేపు నీ దగ్గరికి వస్తాడు. ఆయన పక్కన లేకుండా ఎవరడిగినా నోరు విప్పకు. వినపడలేదని చెప్పు.

రొట్టె ఎందుకు రాసుకుందంటే, అమ్మకానికి డబ్బే ఉండాలని లేదు. ఏ వస్తువు బదులు పుచ్చుకున్నా అమ్మకమే. ఊరికే ఇచ్చావు అన్న ఒక్క మాట మిగిలి ఉండేది. దాన్ని కూడా నీ నోటితోనే పోగొట్టుకున్నావు. గోరుచుట్టు మీద రోకటిపోటు.

రాత్రింబవళ్ళు ఆలోచిస్తున్నాను. టైపు చేస్తుంటే ముద్దాయి పేరు ఉండే చోట నీ పేరు కొట్టి, గబగబా చెరిపేశాను. నిన్న అలా రెండుసార్లు జరిగింది. నిన్ను ఆడవాళ్ళ జైలు గేటు దగ్గర నిలబెట్టి పేరు పిలుస్తున్నట్టు, నీకు వినపడక నువ్వు కదలనట్టు, వాళ్ళు నిన్ను తోస్తున్నట్టు కనపడుతోంది. నేను చూసిన గేటే అది.

ఒక దారి ఉంది. అది నేను చూసుకుంటాను. నువ్వు అడగకు. ఆవిడ దగ్గరికి మాత్రం వెళ్ళకు.

నీ తమ్ముడు


మార్చి 13

చిన్నోడా,

నాకు అర్థం కానిది ఒకటి జరిగింది.

నిన్న సంతకం పెట్టడానికి వెళితే ఇన్‌స్పెక్టరమ్మ నాకు టీ తెప్పించింది. "మీరు ముందే చెప్పి ఉండాల్సిందమ్మా" అంది. ఏమిటంటే, రొట్టెలావిడ వచ్చి అంతా ఒప్పుకుందట. నేను లేనప్పుడు ఇంట్లోకి వచ్చి సీసాలు తానే ఎత్తుకుపోయిందట, నీళ్ళూ చక్కెరా తానే కలిపిందట, ఒకటి దొరక్కుండా మా ఇంట్లో దాచిందట. ఆవిడను కాపాడాలనే నేను ముందు అలా చెప్పానట. ఒక కాగితం తయారుగా ఉంది. కింద నా సంతకం ఒక్కటీ పెడితే నేను సాక్షిని. ఇంటికి పోవచ్చు.

నిజం చెబుతాను, దేవుడి ముందు దాచేదేముంది. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకొప్పుకుంది అని కూడా అనుకోలేదు. కళ్ళద్దాలు తేలేదని చెప్పి ఒక్క రోజు గడువడిగి ఇంటికొచ్చాను. అన్నం తిన్నాను, పడుకున్నాను. కుట్టిన చొక్కాలకు గుండీలు కూడా వేశాను. ఇవాళ పొద్దున లేచాకే సిగ్గేసింది.

పెద్దావిడను చూడటానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఆ సెలవు డాక్టరు తిరిగొచ్చాడు, ఇప్పుడు ఆవిడకు అదే మందు చీటీ రాసి చక్కగా పోస్తున్నారు. నా చేతిలో నేరమైనది అక్కడ చెంచా మారగానే వైద్యమైంది. పెద్దావిడ కళ్ళు తెరిచి, "మా అమ్మాయి ఇంకా పని దిగలేదా?" అని అడిగింది. "ఇప్పుడొస్తుందమ్మా" అన్నాను. రొట్టెలావిడ లాకప్‌లో ఉంది. పెద్దావిడకు ఇంకెన్నాళ్ళో లేవట.

ఆవిడ ఎందుకలా చెప్పింది? నాకు ఏమీ పాలుపోవడం లేదు. మింగలేను, కక్కలేను. ప్లీడరుగారు పెట్టెయ్యమంటున్నారు. నువ్వేమంటావు? త్వరగా రాయి. గడువు పొడిగించమని కాళ్ళావేళ్ళా పడి వచ్చాను.

అక్క


మార్చి 17

అక్కా,

సంతకం పెట్టు. ఇంకేమీ ఆలోచించకు.

ఆవిడ తన ఇష్టంతో చెప్పింది. నీ మీద కృతజ్ఞత కావచ్చు. ఆవిడకిది చిన్న కేసు అవుతుంది, తల్లి జబ్బు చూసి జడ్జిగారు కనికరిస్తారు. నీకైతే కనికరించరు. ఇచ్చినదానివి నువ్వు, కలిపినదానివి నువ్వు, రొట్టె పుచ్చుకున్నదానివి నువ్వు. ఆ తూకానికి ఎన్నేళ్ళు వేస్తారో నేను నీకు చెప్పను. చెబితే ఈ ఉత్తరం పూర్తి చేయలేను.

చెవులు వినపడని మనిషికి జైలు ఎలా ఉంటుందో ఆలోచించావా? గంట కొడితే వినపడదు. తిండికి పిలిస్తే వినపడదు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి నువ్వు. నువ్వు కుట్టిన చొక్కాలే తొడుక్కుని ఈ ఉద్యోగానికొచ్చాను. నిన్ను ఆ బోనులో చూడలేను. నా వల్ల కాదు. నేను పిరికివాడినే. ఒప్పుకుంటున్నాను. నా మొహం చూసైనా ఆ సంతకం పెట్టు.

నీ చిన్నోడు


మార్చి 22

తమ్ముడికి,

సంతకం పెట్టలేదు.

నీ ఉత్తరంలో చిన్న కేసు అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగాను. మిశ్రమం ఎవరి చేతిలో ఉంటే బరువంతా వాళ్ళదేనని నాకు నేర్పింది నువ్వు. ఎత్తుకుపోయి నీళ్ళు కలిపిందని ఒప్పుకున్నాక ఆ నీళ్ళన్నీ ఆవిడ మెడకే కదా? నాకు పెద్ద కేసు, ఆవిడకు చిన్న కేసు ఎలా అవుతుంది? నాకే తెలిసింది నీకు తెలియదా?

ప్లీడరుగారి చేత అడిగించుకుని లాకప్‌లో ఆవిడను చూశాను. ఊచల్లోంచి నా కుడి చెవికి నోరు ఆనించి చెప్పింది. "మీ తమ్ముడుగారు ఫోన్ చేశారండీ. ఏడ్చారు. మా అక్క చెవిటిది, లోపల బతకదు, మీకైతే కొద్ది నెలలు అన్నారు. కోర్టులో పనిచేసేవారు కదా, ఆయనకు తెలుసుననుకున్నాను." నీ మీద కోపంగా కూడా లేదు ఆవిడకు. "అమ్మకు ఎవరు పోస్తున్నారండీ మందు?" అని అడిగింది, అంతే.

బావ కబురు నీకు తెలుస్తూ ఉండాలని నేనిచ్చిన నంబరు అది.

అక్కడినుంచి నేరుగా ఇన్‌స్పెక్టరమ్మ గదికి వెళ్ళాను. గోడ పట్టుకుని నడిచాను. నేనే ఇచ్చాను, నేనే కలిపాను, ఏ గిన్నెలో కలిపానో కూడా చెప్పాను. ఇన్‌స్పెక్టరమ్మ అంతా రాసుకుంది.

"మరి ఆవిడ ఎందుకు అబద్ధం చెప్పింది? ఎవరు చెప్పమన్నారు?" అని అడిగింది.

"నాకు తెలియదండీ" అన్నాను.

ఈ విచారణ మొత్తంలో నేను ఆడిన అబద్ధం అదొక్కటే. నీకోసం ఆడాను. రొట్టెలావిడ కూడా నీ పేరు చెప్పనని నాకు మాటిచ్చింది. కానీ ఎవరు చెప్పమన్నారో తేలేదాకా ఆవిడను వదలరట. ఆవిడ మళ్ళీ మాట మార్చినా నమ్మరట, మొదట ఒప్పుకున్న కాగితం ఉంది కదా. ప్లీడరుగారు అలా చెప్పారు. పెద్దావిడ ఇవాళ కూతురి కోసం రెండుసార్లు అడిగింది. రేపు అడుగుతుందో లేదో తెలియదు.

నన్ను సోమవారం మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళతారు. భయంగా ఉంది చిన్నోడా. చాలా భయంగా ఉంది. యూనిఫారాలన్నీ పూర్తి చేసి మూటలు కట్టాను, ఆఖరి మూట మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను, లేవబుద్ధి కావడం లేదు.

నువ్వు ఇది చెయ్యి, అది చెయ్యి అని నేను చెప్పను. నిన్ను తిట్టడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

అక్క


మార్చి 26

అక్కా,

ఈ ఉత్తరం నీకు అందేలోగా నేనే ఆ ఊళ్ళో దిగుతాను. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఎదురుగా నిలబడితే నోరు పెగలదేమోనని భయం.

ఇవాళ పొద్దున సెలవు కాగితం ఇచ్చాను. కారణం దగ్గర ఏం రాయాలో తెలియక సొంత పని అని రాశాను. ముందు నీ దగ్గరికి రావడం లేదు. రైలు దిగి నేరుగా ఇన్‌స్పెక్టరమ్మ దగ్గరికి వెళతాను. ఫోన్ చేసింది నేనేనని, చిన్న కేసు కాదని తెలిసీ అబద్ధం చెప్పింది నేనేనని చెబుతాను. ముద్దాయి చేత తప్పుడు వాంగ్మూలం ఇప్పించడం ఏ నేరమో, దానికి ఎంత శిక్షో నాకు తెలుసు. కోర్టు ఉద్యోగి చేస్తే ఇంకా ఎక్కువ. ఉద్యోగం ఉండదు. నీకోసం నేను ఏమీ చేయలేకపోవచ్చు అక్కా. నీ బరువు తగ్గదు. కానీ ఆవిడ బయటికొస్తుంది. ఆ పెద్దావిడకు ప్రాణం ఉండగా వస్తుందో లేదో నాకు తెలియదు. ఆ భయమే నన్ను తరుముతోంది.

నీ మరదలికి నిన్న అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఏడవలేదు కూడా. సంచిలో ఒక జత బట్టలు పెట్టమన్నాను, ఎల్లుండికి వచ్చేస్తానన్నాను. ఇందాక తెరిచి చూస్తే నా బట్టలన్నీ అందులోనే ఉన్నాయి.

తమ్ముడు